గాల్పులో గరిక

గరిక మత్తయి పేరు వినని రైతు ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల దాకా ఒక్కడూ లేడు. వినలేదని ఎవడైనా అంటే వాడు రైతు కాడు, పంచె కట్టుకున్న గుమాస్తా అయి ఉంటాడు.

నల్లరేగడి చేలో గరిక పడిందంటే ఇక ఏ పంటా పైకి లేవదు. పైపైన పీకితే లోపల నవ్వుకుంటుంది. గుంటక తోలితే ముక్కలైపోయి, ముక్కకొక సంసారం పెడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి ఒక్కటే దారి. ఎండలు ముదిరి నేల నెర్రెలు విచ్చినప్పుడు గడ్డపారలతో మోకాటి లోతు పెళ్ళగించి, ఒక్కొక్క వేరునూ చేత్తో ఏరి, గట్టున పోసి ఎండబెట్టి తగలబెట్టాలి. ఊరంతా నీడ వెతుక్కునే కాలంలో చేసే పని అది. పందొమ్మిది వందల డెబ్భైలలో ఆ పనికి మత్తయిని మించినవాడు లేడు. ఈ మాట మొట్టమొదట అన్నది మత్తయే అయినా, తర్వాత తర్వాత రైతులు కూడా అనసాగారు.

ఆళ్ళగడ్డ దగ్గర ఒక రెడ్డి చేలో అతను ఒక గరిక వేరును పట్టుకుని లాగుతూ పోయాడట. లాగాడు, లాగాడు, పొద్దు వాలింది, వేరు తెగలేదు. తీరా చూస్తే దాని రెండో కొస నంద్యాల సంతలో కట్టేసిన ఎద్దు కాలికి చుట్టుకుని ఉందట. ఎద్దుగలాయన కేసు పెడతానని ఆళ్ళగడ్డ దాకా వచ్చాడట. ఏటికేడు ఆ ఎద్దు పెద్దదవుతూ వచ్చింది. మొదట అది కోడెదూడ. చివరికి ఒంగోలు గిత్త అయింది. మత్తయి భార్య రూతు మాత్రం ఇన్నేళ్ళలోనూ ఆ ఎద్దును గానీ, ఎద్దుగలాయనను గానీ చూడలేదు.

ఆమె చూసింది అతని నడుమును. నలభై అయిదు దాటేసరికి అది కొడవలిలా వంగి, ఇక నిలబడనని మొరాయించింది. పొద్దున లేవడానికి గోడ పట్టుకునేవాడు. అది వాళ్ళ ఇంటి ఆస్తి. అతని తాత గరిక తవ్వాడు, నాయన తవ్వాడు. తాత పోయినప్పుడు పెట్టెలో చాపుగా పడుకోబెట్టడానికి ఇద్దరు మనుషులు అదిమి పట్టాల్సి వచ్చిందని మత్తయి చెబుతాడు. అతను చెప్పేవాటిలో ఇదొక్కటీ నిజమేనని ఊరి పెద్దలు అంటారు.

అందుకే మత్తయికి ఈ లోకంలో ఒకే ఒక్క కోరిక మిగిలింది. కూచుని చేసే పని కావాలి. తన వంశంలో కూచుని కూలి తీసుకున్నవాడు లేడు. తను మొదటివాడు కావాలి.

ఎనభైల మొదట్లో ఆళ్ళగడ్డ రోడ్డు మీద ఒక సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. దానికి పెద్ద మేనేజరుగా కన్నడ దేశం నుంచి పొన్నప్ప దొర వచ్చాడు. మనిషి తెల్లవాడు కాకపోయినా టోపీ ఉంది గనక జనం దొర అన్నారు. ఆయనకు ఒక ఆట పిచ్చి. ఇనుప తొడుగు ఉన్న కర్రతో చిన్న తెల్ల బంతిని కొట్టి, దాని వెనక మైలు దూరం నడిచి, గుంతలో వేయాలి. వేశాక మళ్ళీ తీసి ఇంకో గుంత వెతుక్కోవాలి. దాని పేరు గాల్ఫు. మనవాళ్ళు ఒక్క అక్షరం దిద్ది గాల్పు అన్నారు. వడగాల్పు తప్ప ఇంకేదీ రాని ఫ్యాక్టరీ వెనక బీడుకు దొర సరైన పేరే పెట్టాడని మెచ్చుకున్నారు కూడా.

ఆ బీడులో ఆరు గుంతలు. ఒక్కొక్క గుంత చుట్టూ కళ్ళమంత వెడల్పున పచ్చగడ్డి నున్నగా, చాప పరిచినట్టు ఉండాలి. దొర వాటిని గ్రీన్లు అన్నాడు. కూలీలు చాపలు అన్నారు. ఆ చాపలకు పనికొచ్చే గడ్డి ఏదయ్యా అంటే, లోకంలో ఇన్ని గడ్డులుండగా, గరిక.

కూలి కోసం గేటు దగ్గర నిలబడ్డ మత్తయిని చూసి దొర గరిక తెలుసా అని తన భాషలో అడిగాడు. కన్నడంలోనూ దాని పేరు గరికే కావడంతో ఇద్దరికీ మాట కలిసింది.

"గరికె గొత్తా?"

"గొత్తు దొరా. దాని అమ్మ గొత్తు, దాని అవ్వ గొత్తు."

దొర సంతోషపడి అప్పటికప్పుడు పనిలో పెట్టుకున్నాడు. చేయవలసింది గరికను తవ్వడం కాదు, నాటి పెంచడమని మత్తయికి మర్నాడు గానీ తెలియలేదు. తెలిశాక అతను చాలాసేపు గడ్డపార మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఎక్కడైనా ఎలుకల బోనులు కట్టేవాడిని పిలిచి ఎలుకలకు పాలు పట్టమంటారా? కానీ రోజూ పని ఉంటుంది, రైతుల గడపలు తొక్కనక్కర్లేదు. సరేనన్నాడు.

చేల గట్ల మీద కుప్పలుగా పడి ఉన్న గరికను గోతాల్లో నింపి తెచ్చుకుంటుంటే రైతులు దండం పెట్టారు. ఎందుకని అడిగినవాళ్ళకు కంపెనీ బట్టీలో వేసి కాలుస్తారని చెప్పాడు. ఇంటి దగ్గర ఇంకొకటి చెప్పాడు. కంపెనీ నేలంతా గరిక పట్టిపోయిందని, దొర తల పట్టుకుని ఏడుస్తుంటే తను వెళ్ళి ఆదుకున్నానని, ఆ బీడంతా తవ్వి శుభ్రం చేసేదాకా తనను వదలనని కాళ్ళావేళ్ళా పడ్డాడని. ఆ అబద్ధం అతనికి అబద్ధంలా తోచలేదు. గరికను చంపడంలో మొనగాడినని ఊరూరా చెప్పుకున్నవాడు, ఇప్పుడు దానికి నీళ్ళు మోస్తున్నానని ఏ నోటితో చెబుతాడు? రూతు నమ్మింది. ఆమె చెల్లెలు సారమ్మ నమ్మింది. సారమ్మ కలుపు కూలీల ముఠాకు పెద్ద. ఆమె నమ్మిందంటే చుట్టుపక్కల నాలుగు పల్లెలు నమ్మినట్టే.

ఆ గాల్పు బయలుకు ఒక గేటు, గేటు పక్కన వేపచెట్టు, చెట్టు కింద ఒక స్టూలు ఉన్నాయి. స్టూలు మీద జిలాని అనే కాపలాదారు. దొర కారు వస్తే లేచి గేటు తీయడం, పోతే వేయడం, తక్కినంత సేపూ కూచోవడం అతని పని. ఆ స్టూలు మీద అతను తప్ప ఈగ కూడా వాలేది కాదు. మడిచిన గోనెసంచి ఒకటి దాని మీద దిండులా ఉండేది. మత్తయి కావడి దించినప్పుడల్లా ఆ స్టూలును, ఆకలిగా ఉన్నవాడు ఎవరి విస్తరినో చూసినట్టు చూసేవాడు.

జిలానికి ముసలితనం పడింది. నంద్యాలలో కొడుకు సైకిలు షాపు పెట్టాడు, వచ్చి దగ్గర ఉండమంటున్నాడు. వానలు పడే కాలానికి ఉద్యోగం మానుకుంటానని అతను దొరతో చెప్పుకున్నాడు. ఆ సంగతి విన్న రోజు మత్తయి కావడి మోస్తూ ఒక చాపకు రెండుసార్లు నీళ్ళు పోసి, ఇంకో చాపను మరిచిపోయాడు. మర్నాడే దొర దగ్గర నిలబడి నెత్తి గోక్కున్నాడు.

దొర కిందికీ మీదికీ చూశాడు. ఎండాకాలం చివర కంపెనీ ఛైర్మన్ వస్తున్నాడు. ఆయనకూ ఇదే ఆట పిచ్చి.

"ఆట దినానికి హుల్లు బతికితే ఆ స్టూలు నీదే, మత్తయి. హుల్లు పోతే స్టూలూ పోతుంది."

హుల్లంటే గడ్డి అని మత్తయికి అప్పటికే వంటపట్టింది.

ఆ ఏడు ఎండ సంగతి చెబితే నంద్యాల బయటివాళ్ళు నమ్మరు. చెప్పకపోతే నంద్యాలవాళ్ళు ఊరుకోరు. ఆ ఏడు కాకులు ఎగరలేదు. గాలిలో రెక్క కాలుతుందని రోడ్డు వార నీడ పట్టున నడిచి వెళ్ళాయి. గడివేముల నుంచి వచ్చే బస్సు దారిలో ఒక మలుపు దగ్గర కరిగి, రెండు మూరలు పొడవు సాగిందని కండక్టరు ప్రమాణం చేశాడు. అవుకు చెరువులో చేపలు ఒడ్డుకొచ్చి గొడుగులు అడిగాయని మత్తయి అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని పెదవులు పగిలి ఉన్నాయి. నవ్వబోతే నెత్తురు వచ్చింది.

రేగడి చేలో గరికను చంపలేక చచ్చినవాడు, ఇక్కడ దాన్ని బతికించలేక సగం చచ్చాడు. చేలో అది ఎంత లోతుకైనా దిగి దాక్కుంటుంది. ఇక్కడ జానెడు మట్టి కింద నాపబండ. పైన ఎండ, కింద పెనం. వేరు దిగడానికి చోటు లేదు. చాపలు అంచుల నుంచి ఎర్రబడసాగాయి, పొయ్యి మీద మరిచిపోయిన రొట్టెలాగా.

దొర అన్నీ చెప్పాడు. గడ్డి కోసే మిషను కత్తిని ఎత్తి పెట్టమన్నాడు, ఎండల్లో పొట్టిగా కోస్తే వేరు కాలుతుందని. పొద్దు పొడవకముందే నీళ్ళు పెట్టమన్నాడు, కొంచెం కొంచెం కాదు, లోపలికి దిగేదాకా. మిట్ట మధ్యాహ్నం పైపైన చిలకరించమన్నాడు, అది తాగడానికి కాదు, చల్లబడడానికి. సన్నని ఇసుక చల్లి వేళ్ళు కప్పమన్నాడు. చెప్పులతో తొక్కవద్దన్నాడు. ఇన్నేళ్ళూ దాన్ని చంపడానికి తను చేసిన ఒక్కొక్క పనినీ తలకిందులు చేస్తే అదే దాని సేవ అని మత్తయికి అర్థమైంది. తేలికే అనుకున్నాడు. కానీ ఏప్రిల్ దాటేసరికి బోరు దగ్గింది. బిందె నిండే లోపల ఒక కునుకు తీయవచ్చు. బోరు దగ్గర నుంచి ఆరు చాపలకూ కావడి మీద డబ్బాలు మోయాలి. దొర కాపురముండే గెస్ట్‌హౌసులో స్నానాల నీళ్ళు కాలువ కట్టి ఒక తొట్టికి మళ్ళించాడు. పెద్ద దొరసాని ఎప్పుడెప్పుడు తల స్నానం చేస్తుందో ఆమె భర్తకు తెలియదు గానీ మత్తయికి తెలుసు.

కావడి బద్ద భుజం మీద పుండు పెట్టింది. పాదాలు నాపరాళ్ళ మీద బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం చిలకరింపు అయ్యాక అతను చాప పక్కన గొంతుక్కూచుని, చచ్చినట్టు పడి ఉన్న గడ్డితో మాట్లాడేవాడు.

"మా ఊర్లో సావమంటే సావవు. ఈడ బతకమంటే బతకవు. నేనేం పాపం చేసినానే నీకు?"

చేసిన పాపం అతనికీ తెలుసు, దానికీ తెలుసు.

అయినా అది బతికింది. పచ్చగా కాదు, కొనప్రాణంతో. మే నెల సగం గడిచేసరికి గాల్పు బయలంతా బూడిద రంగుకు తిరిగి, ఎక్కడా ఒక్క గడ్డిపోచ మిగలలేదు. ఆ ఆరు చాపలు మాత్రం ఆరు ముంతల పెసలు ఒలికిపోయినట్టు కనిపించేవి. దొర వచ్చి బూటు విప్పి, ఒట్టి పాదం గడ్డి మీద పెట్టి చూసి, తల పంకించి వెళ్ళాడు. ఆ రోజు జిలాని తనంతట తానే స్టూలు మీది గోనెసంచి తీసి దులిపి, ఇది నీకే వదిలిపెడతానని మత్తయితో అన్నాడు.

ఛైర్మన్ వచ్చే ముందటి శనివారం, మధ్యాహ్నపు నీళ్ళు మోస్తూ మోస్తూ మత్తయి అయిదో చాప అంచున పడిపోయాడు. వడదెబ్బ. కావడి ఒక పక్క, మనిషి ఒక పక్క. డబ్బాలో నీళ్ళు మాత్రం సరిగ్గా చాప మీదే ఒలికాయట. జిలాని స్టూలు వదిలి పరిగెత్తాడు. అతను పరిగెత్తడం అంతకు ముందెవరూ చూడలేదు. వేపచెట్టు కిందికి లాక్కొచ్చి, ముఖాన నీళ్ళు కొట్టి, ఆళ్ళగడ్డ వైపు పోతున్న నాపరాళ్ళ లారీలో ఎక్కించి ఇంటికి పంపాడు.

రూతు పచ్చిమామిడి ఉడికించి రసం పట్టింది. ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రుద్దింది. మత్తయి ఒళ్ళు కాలిపోతూ, కళ్ళు తెరవకుండా ఒకటే మాట తిప్పి తిప్పి అన్నాడు.

"ఆరు తావుల గరిక ఉండాది... ఎవురు సూస్తారు... స్టూలు పోతాది."

స్టూలు సంగతి రూతుకు తెలుసు. అతని కోరిక అదొక్కటే అని ఇంట్లో కోడికి కూడా తెలుసు. ఆరు చోట్ల గరిక ఇంకా మిగిలిపోయింది, అది తవ్వే దిక్కు లేదు, తవ్వకపోతే స్టూలు పోతుంది. ఇంతకంటే తేటగా ఎవరైనా ఏం చెబుతారు? ఆమె వెళ్ళి చెల్లెలికి చెప్పింది.

మర్నాడు ఆదివారం, గుడి ముగిసీ ముగియగానే సారమ్మ తన ముఠా ఆడవాళ్ళను అక్కడే నిలబెట్టింది. ఆదివారం పని చేయకూడదని పాస్టరు అంటాడు గానీ, రోగి పని చేసిపెట్టడం పని కిందికి రాదని ఆమె అక్కడికక్కడే తీర్మానించింది. కూలి లేదు, మా బావ కోసం అంది. ఎవరూ వెనక్కి తగ్గలేదు. వాళ్ళలో చాలామందికి గడ్డపార పట్టడం నేర్పింది మత్తయే. మణెమ్మకు కంటిచూపు సరిగా లేకపోయినా గరిక వేరును వేలితో తడిమి గుర్తుపడుతుంది గనక ఆమె కూడా బయల్దేరింది. గంపలు, గడ్డపారలు నెత్తిన పెట్టుకుని అడ్డదారిన నడిచారు.

దొర ఆ రోజు అతిథుల ఏర్పాట్లకు నంద్యాల వెళ్ళాడు. గేటు దగ్గర రూతు జిలానికి దండం పెట్టి, మత్తయి పని చేసిపెట్టడానికి వచ్చామని చెప్పింది. జిలాని కళ్ళు చెమర్చాయి. నీళ్ళ తొట్టి ఎటువైపుందో చూపించి, అన్నం తిని తువ్వాలు ముఖాన కప్పుకుని స్టూలు మీద ఒరిగాడు. గడ్డపారలు చూడలేదా అంటే, చూశాడు. పాదులు చేస్తారేమో అనుకున్నాడు.

లోపలికి వెళ్ళి ఆడవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశారు. కనుచూపు మేర బీడంతా నున్నగా, గడ్డిపోచ లేకుండా ఉంది. ఆరు చోట్ల మాత్రం గరిక చాప పరిచినట్టు దట్టంగా పట్టి ఉంది. ఇంత నేలనూ ఒక్క మనిషి ఎట్లా శుభ్రం చేశాడా అని ముక్కున వేలేసుకున్నారు. నంద్యాల ఎద్దు కథను ఆ క్షణం దాకా నమ్మనివాళ్ళు కూడా నమ్మేశారు.

అప్పుడు కొంగులు బిగించి దిగారు. ఇసుక కలిసిన మట్టి, నీళ్ళకు నానిన మట్టి. గడ్డపార వెన్నలోకి దిగినట్టు దిగింది. పొద్దు గూకేలోపల ఆరు చాపలూ బండ తేలేదాకా తవ్వి, వేరు వేరునూ ఏరి, మట్టిని అరచేత్తో చదును చేసి, ఏరిన గరికను ఒక్కొక్క చాప పక్కన ఒక్కొక్క కుప్పగా పోశారు. తిరిగి వెళ్ళేటప్పుడు మత్తయితో ఎవరూ చెప్పకూడదని, అతను వెళ్ళి చూసుకుని మురిసిపోవాలని మాట అనుకున్నారు.

సోమవారం మత్తయి లేచాడు. గోడ పట్టుకుని నిలబడి, నీళ్ళు పెట్టకుండా ఒక రోజంతా గడిచిందని తెలిసి అప్పటికప్పుడు బయల్దేరాడు. రూతు మజ్జిగ చెంబు పట్టుకుని వెంట వచ్చింది. దారి పొడుగునా అతను ఎంతవరకు ఎండి ఉంటుందో లెక్కలు వేసుకుంటున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంటోంది.

మొదటి చాప దగ్గర అతను ఆగాడు. నల్లగా, తడిగా, దువ్వినట్టున్న మట్టి. పక్కన కుప్ప. వంగి కుప్పలోంచి ఒక వేరు తీసి కొస చూశాడు. తెగలేదు, మొదలంటా వచ్చింది. అతనికి మొట్టమొదట తోచింది ఏమిటంటే, పని భలే చేశారు అని. ఆ తర్వాత చూసుకోకుండా నేల మీద కూలబడ్డాడు.

"నీ పని అయిపాయ. ఇంగ స్టూలు మీద కూచ్చో," అంది రూతు.

అతను ఆమె చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. ఆమె అరచేతుల్లో కొత్త బొబ్బలున్నాయి.

"ఏమ్మే, దొర నన్ను గరిక తవ్వను పెట్టుకోలేదు."

"మరి?"

"పెంచను పెట్టుకున్నాడు."

ఆమెకు అర్థం కాలేదు. గరికనా అని అడిగింది. పెంచడమా అని అడిగింది. దొరకు పశువులున్నాయా అని కూడా అడిగింది. అతను అన్నిటికీ తలే ఊపాడు. గాల్పు వీచసాగింది. కుప్పలోని గరిక వాళ్ళ కళ్ళ ముందే చుట్టుకుపోతోంది.

"ముందే చెప్పింటే?"

"సిగ్గాయ."

రూతు అతని పక్కన కూచుని మజ్జిగ చెంబు అతని చేతికిచ్చింది. అతను సగం తాగి ఆమెకిచ్చాడు. తిట్టుకోవడానికైనా కొంత ఓపిక కావాలి.

దొర కారు వచ్చింది. జిలాని గేటు తీసి, ముఖం చెల్లక చెట్టు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. దొర ఒక్కొక్క చాప దగ్గరికీ నడిచి చూసి వచ్చాడు. ఎవరు చేశారని అడిగాడు. మత్తయి లేచి నిలబడ్డాడు. ఏనాడూ లేనంత నిటారుగా నిలబడ్డాడని రూతు తర్వాత చెప్పుకుంది.

"నేనే దొరా. మా సీమలో ఇదే పద్ధతి. వానకు ముందర గరికను తవ్వి పారేస్తే తొలకరికి రెండింతలై లేస్తాది."

దొర వంగి, మట్టిలోంచి ఎర్ర గాజు ముక్క ఒకటి ఏరాడు. పక్కనే పచ్చగాజు ముక్క దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

"నీవు గాజులు వేసుకుంటావా, మత్తయి?"

మత్తయి దగ్గర ఎన్నడూ కథలకు కొదవ లేదు. ఆ రోజు మాత్రం ఒక్కటీ రాలేదు. అప్పుడు రూతు నోరు విప్పి, అతను ఊళ్ళో చెప్పుకున్నదీ, జ్వరంలో కలవరించిందీ, తాము విన్నదీ అంతా చెప్పింది. దొర టోపీ తీసి నేల మీద పెట్టి, తనూ కూచున్నాడు. నవ్వుతాడేమో అనుకున్నారు, నవ్వలేదు. అరుస్తాడేమో అనుకున్నారు, అరవలేదు. ఆయన కూడా ఎండకు అలసిపోయి ఉన్నాడు. ఆ గడ్డి ఆయనకూ ఇష్టం.

చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. తను కుర్రతనంలో ఆడిన చోట గడ్డి ఉండేది కాదట. సన్నని ఇసుకలో మోటారు నూనె కలిపి పరిచి, బరువైన రోలరు తిప్పేవారట. బంతి దాని మీద బాగానే దొర్లేదట. కుందేరు నుంచి ఇసుక లారీలు వచ్చాయి. లారీల షెడ్డు నుంచి వాడేసిన నూనె డబ్బాలు వచ్చాయి. మత్తయి, సారమ్మ ముఠా కలిసి పరిచారు. ఈసారి ఏం చేయాలో దొర మూడు భాషల్లో చెప్పి, తిరిగి వాళ్ళ నోట చెప్పించుకున్నాడు. ఆరు పచ్చ చాపలు ఆరు నల్ల చాపలయ్యాయి.

ఛైర్మన్ వచ్చాడు, ఆడాడు, మెచ్చుకున్నాడు. నీళ్ళు అక్కర్లేదు, కోత అక్కర్లేదు, ఇదే ఉంచేయమన్నాడు. ఆ నీళ్ళు కాలనీ కొళాయిలకు వదలమన్నాడు. అలాగే పొదుపు మాట వచ్చింది గనక, కొత్తవాళ్ళను ఎవరినీ వేసుకోవద్దన్నాడు. జిలానిని ఇంకొంత కాలం ఉండమన్నారు. నంద్యాలలో కొడుకు షాపు ముందు కూచోవాలనుకున్న జిలాని, గోనెసంచి మడిచి మళ్ళీ స్టూలు మీద వేసుకున్నాడు. ఒకే స్టూలు, అది దక్కక ఒకడు, వదలక ఒకడు, ఇద్దరూ దిగులుపడ్డారు.

జూన్ దాటి వాన పడింది. మత్తయి కథలన్నిటిలో గాజు ముక్కల ముందు తేలిపోయిన ఆ తొలకరి కథ నిజమైంది. ఎంత ఏరినా గోరంత ముక్క ఎక్కడో మిగిలే ఉంటుంది. నూనె ఇసుకను చీల్చుకుని, నల్ల చాపల మధ్యలో గరిక మొలిచింది. పది రోజుల్లో అల్లుకుంది. అంత పచ్చగా మత్తయి నీళ్ళు మోసినన్నాళ్ళూ ఎన్నడూ లేదు. మత్తయి దాని ముందు నిలబడి, తిట్టడానికి నోరు తెరిచి, మానుకున్నాడు.

దొర పిలిపించాడు. బంతి అడ్డం పడుతోందని చెప్పాడు.

"తెగెదు హాకు, మత్తయి. తవ్వేయ్."

అలా అతని అబద్ధం నిజమైంది. ఇప్పుడు కంపెనీ నేల మీద గరిక పట్టింది, దొర దానితో వేగలేక మత్తయిని పెట్టుకున్నాడు, ఆ బీడు శుభ్రమయ్యే దాకా వదిలేటట్టు లేడు. ఊళ్ళో ఎవరికైనా గుండె మీద చేయి వేసుకుని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే ఎవరూ నమ్మలేదు. కనపడినప్పుడల్లా సారమ్మ, "ఏం బావా, ఈ పొద్దు తవ్వినావా, పెంచినావా?" అని అడిగేది. రూతు కూడా అతనితో పాటే కూలికి వచ్చి, ఎదురెదురుగా కూచుని ఏరేది. ఒక పక్క ఏరుకుంటూ పోయేసరికి ఇంకో పక్క మొలిచేది.

ఒక మధ్యాహ్నం నమాజు వేళకు జిలాని స్టూలు మీద నుంచి లేచి, తువ్వాలు దులిపి, కావాలని గట్టిగా పిలిచాడు.

"మత్తయ్యా, నేను నమాజు చేసుకోనొచ్చేదాకా గేటు సూడు. కూచ్చోనే సూడు."

మత్తయి మట్టి చేతులు పంచెకు తుడుచుకుని, చుట్టూ చూసి, కూచున్నాడు. కూచోగానే స్టూలు పక్కకు ఒరిగింది. దాని ఒక కాలు పొట్టి. మడమ గట్టిగా నేలకు అదిమి పట్టుకుంటే తప్ప నిలవదు. ఇన్నాళ్ళూ జిలాని ఆ స్టూలు మీద కూచోలేదు, దాన్ని మోశాడు.

నమాజు ముగించి వచ్చి జిలాని అడిగాడు. "ఎట్లుండాదప్పా?"

"కుంటుతాది అన్నా."

"ఊరికే ఇస్తారా మరి కూలి?"

మత్తయి పెదవులు పగలకుండా నవ్వాడు. ఆ తర్వాత అది రోజూ జరిగేది. ఎండ నెత్తికెక్కగానే జిలాని చెట్టు వెనక తువ్వాలు పరుచుకునేవాడు, మత్తయి మడమ తన్నిపెట్టి స్టూలు మీద కళ్ళు మూసేవాడు, రూతు గరిక ఏరుతూ ఇటు ఒక కన్నేసి ఉంచేది. చూసినవాళ్ళు చెప్పేదేమిటంటే, పందొమ్మిది వందల ఎనభై అయిదు వచ్చేసరికి జిలాని మధ్యాహ్నపు నమాజు రోజురోజుకూ పొడుగవుతూ పోయి, ఒక్కోసారి సాయంత్రపు నమాజును తగిలేదట.